సింహళద్వీపము: సముద్రమను అగడ్త



నేను బడిలో భూగోళము చెప్పుచుండిన దినములలో ఒకనాడు సింహళద్వీపపు పటమును గోడకు వ్రేలాడదీసితిని. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "పంతులుగారూ, చుట్టు సముద్రమే యుండగా ఆ దేశమునకు కోటలెందుకు?" అని యడిగెను. వాడు జగిత్యాల కోటను చూచినవాడు. కోట చుట్టునున్న అగడ్తవంటిదే సముద్రమని వాడు తలచెను. గంట కొట్టులోపల వానికి తగిన సమాధానము చెప్పలేకపోతిని. దానినే నేడు మీకు విన్నవింప యత్నించెదను.

లంక యనగానే మనకు రామాయణము తలపునకు వచ్చును. "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత నెరుగని గ్రామము మన సీమలో లేదు. నేను చెప్పబోవునది పురాణము గాదు, చరిత్రము. ఐనను ఈ చరిత్రమును మనలను ఆ సామెతయొద్దకే కొనిపోవును.

ధనుష్కోటికిని సింహళమునందలి తలైమన్నారునకును నడుమ దూరము 20 మైళ్ల లోపే. క్రీ. పూ. 2వ శతాబ్దమున చోళదేశమునుండి వచ్చిన ఏళారుడు అనూరాధపురమున రాజ్యమేలెను. దుట్ఠగామణి యను సింహళవీరుడు వానిని యుద్ధమున చంపియు, ఆ శత్రువునకు సమాధి కట్టించి గౌరవించెనని మహావంశము చెప్పుచున్నది. 10వ శతాబ్దాంతమున ఐదవ మహిందుడు రాజైయుండగా, జీతములు ముట్టక సేన తిరుగబడెను. రాజు దక్షిణమునకు పారిపోయెను. ఈ దుస్థితిని గుఱ్ఱముల వర్తకుడొకడు చోళరాజునకు తెలిపెనని చూళవంశమున నున్నది. 993 ప్రాంతమున రాజరాజచోళుని సేన దిగెను. 1017లో రాజేంద్రుడు మహిందుని బందీగా పట్టి తెప్పించెను. 1070లో విజయబాహువు చోళులను వెడలగొట్టువరకు ఆ ద్వీపమున వారిదే పెత్తనము. తరువాతి శతాబ్దమున పరాక్రమబాహువు తన ఓడలను బర్మాదేశముపైకి పంపెను. కాబట్టి సముద్రము అగడ్త మాత్రమే కాదు. ఓడ గలవానికి అది రాజమార్గము.

ఈ మాట పాశ్చాత్యుల రాకతో మఱింత నిజమయ్యెను. 1505లో పోర్చుగీసువారు వచ్చిరి. 1638లో రెండవ రాజసింహుడు వారిని వెడలగొట్టుటకై డచ్చివారితో పొత్తు చేసికొనెను. 1656లో కొలంబో పోర్చుగీసుల చేజారినది. కాని డచ్చివారు దానిని రాజున కీయక తామే యుంచుకొనిరి. ముల్లును ముల్లుతో తీయబోగా రెండవ ముల్లు కాలిలో నిలిచిపోయెను.

తీరమంతయు పరులదైన పిమ్మట స్వతంత్రముగా మిగిలినది నడిమి కొండలలోని కాండీరాజ్యము. అచ్చటి అగడ్త సముద్రము కాదు, అడవి. రాజధానిని మూడు వైపుల మహావేలి నది చుట్టియున్నది. బండి నడువని ఇరుకు బాటలపై ముండ్లతలుపులు కట్టుదురు. చెట్లు నరికి అడ్డము వేయుదురు. భూమి ననుభవించు రైతులే పిలుపు రాగానే సైనికులగుదురు. శత్రువు పెద్దసేనతో వచ్చెనా, రాజు నగరమును ఖాళీచేసి అడవిలోనికి తొలగిపోవును. శత్రువు శూన్యనగరమును జయించి సంతోషించుచుండగానే వానలు పట్టును, జ్వరములు తగులును, తిండి తెచ్చు బాట తెగును. అప్పుడు కాండీవారు కొండలనుండి దిగుదురు. మన ఆదిలాబాదు అడవులు నెఱిగిన పెద్దలకు దీనిని వివరింపనక్కరలేదు. 1940లో కుమ్రం భీము నిజాము సేనల నెదిరించి జోడేఘాటు కొండలలో నిలిచినది అడవి బలముతోడనే కదా!

ఈ కాండీరాజ్యమును కడపట నేలినవారు తెలుగు మూలముగల నాయకరాజులు. విజయనగర ప్రభువుల పక్షమున మధురకు పోయి స్థిరపడిన నాయకుల బంధువర్గమువారు వీరు. కాండీరాజులు మధురనుండి కన్యలను తెచ్చుకొనుచుండిరి. 1739లో నరేంద్రసింహుడు పట్టమునకు వారసుడు లేక మరణింపగా, రాణి సోదరుడు శ్రీవిజయ రాజసింహుడను పేర సింహాసనమెక్కెను. వాని తరువాత 1747లో వచ్చిన కీర్తిశ్రీ రాజసింహుడు శైవకులమున పుట్టియు ప్రజల మతమునకు ప్రాణము పోసెను. సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి 1753లో బౌద్ధసంఘమును పునరుద్ధరించెను. ఐనను పరదేశియను మాట వానిని విడువలేదు. 1760లో కొందఱు ప్రధానులు వానిని చంపుటకు కుట్రపన్నిరి, అది బయల్పడెను.

1765లో డచ్చివారు కాండీని పట్టుకొని, రోగములచే క్షీణించి, కొన్ని నెలలలోనే వెనుదిరిగిరి. కాని 1766 సంధిలో రాజు తీరమంతటిని వారికి వదలుకొనవలసివచ్చెను. ద్వీపమునకు రాజయ్యు సముద్రపుటొడ్డున అడుగిడ హక్కులేనివాడయ్యెను!

ఇంగ్లీషువారు 1796లో డచ్చివారి స్థానమును గైకొనిరి. 1803లో వారును కాండీలో ప్రవేశించి, ముత్తుసామి యను నాయకుని రాజుగా నిలిపిరి. శ్రీవిక్రమ రాజసింహుడు అడవికి తొలగెను. జూను నాటికి మేజరు డేవీ క్రిందనున్న పటాలము జ్వరములచే మంచము పట్టెను. లొంగి తిరిగిపోవుచుండగా పొంగిన మహావేలి దాటనీయలేదు. ఆ యొడ్డుననే ఇంచుమించుగా అందఱును హతులైరి. అడవియను అగడ్త మరల గెలిచెను.

పండ్రెండేండ్లకు, 1815లో, ఆ యింగ్లీషువారికే చెప్పుకోదగిన పోరు లేకుండ కాండీ చిక్కెను. కొండలు మారలేదు, నది యింకలేదు. మారినది ఇల్లు. రాజునకు ప్రధానులపై అనుమానము ముదిరెను. ప్రధానులకు రాజుపై ద్వేషము ముదిరెను. జాన్ డాయిలీ యను ఇంగ్లీషు ఉద్యోగి సింహళభాష నేర్చి, కొండలలోని కబుర్లన్నియు కూర్చుకొనుచుండెను. 1814లో మంత్రి ఎహెలెపొల తిరుగబడి ఇంగ్లీషువారి యొద్దకు చేరెను. రాజు వాని భార్యను, పసిబిడ్డలను చంపించెను. ఆ దినముతో ప్రజల మనస్సు విఱిగినది. బాటలలో ముండ్లతలుపులు కాచువారు లేరైరి. ఫిబ్రవరిలో రాజు పట్టుబడెను. మార్చి 2న ప్రధానులే పరాయి ప్రభుత్వముతో ఒడంబడికపై చేవ్రాళ్లు చేసి, నాయకవంశమునకు రాజ్యములేదనిరి. రాజు వేలూరుకోటలో బందీయై 1832లో మరణించెను.

ఎహెలెపొల యేమి బావుకొనెను? 1817-18లో ఊవా సీమ తిరుగబడినప్పుడు ఇంగ్లీషువారు వానిని శంకించి నిర్బంధించిరి. తుదకు మారిషసు ద్వీపమునకు పంపిరి. 1829లో అచ్చటనే చనిపోయెను. ఇక ఇంగ్లీషువారు చేసిన ముఖ్యమైన పని కొలంబోనుండి కాండీకి రాజబాట వేయుట. అగడ్త పూడిపోయెను.

తరువాతి కాలమున సముద్రము మఱింత ఇరుకయ్యెను. 1942 ఏప్రిలు 5న జపానువారి విమానములు కొలంబోపై బాంబులు వేసెను. మఱునాడే మన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. 1948లో సింహళము స్వతంత్రమయ్యెను. కాని 1956లో సింహళమే రాజభాషయని శాసనము చేయగా, ఇంటిలోని తమిళులు తాము పరాయివారమైతిమని నొచ్చుకొనిరి. 1983లో మొదలైన అంతర్యుద్ధము 2009 మే వరకు సాగెను. 1987 మొదలు 1990 వరకు అచ్చట నిలిచిన మన సైనికులలో వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఈ యుద్ధమునకు శత్రువు సముద్రము దాటి రానక్కరలేకపోయెను.

పెద్దలారా! సామెతను మనము గుట్టు చెప్పినవానిని నిందించుటకే వాడుదుము. విభీషణుడు మొదట హితవు చెప్పినాడు. నిండుసభలో అవమానము పొందినాడు. పిమ్మటనే సముద్రము దాటినాడు. ఎహెలెపొల ద్రోహమును నేను మెచ్చను. కాని జీతము లేని సేనను, నమ్మిక లేని మంత్రిని, చోటు దొరకని భాషను ఇంటిలో నుంచుకొని అగడ్తను లోతుచేసికొన్న రాజునకు నీరు కాపుండదు. గుట్టు బయటపడుటకు ముందు మనిషి బయటపడును. వానిని బయటికి త్రోసిన చేయి ఎవరిదో చూచుట పెద్దలైన వారి ధర్మము. ఊరి తగవులు చావడిలో తీర్చునప్పుడు ఈ లంక కథ నొకసారి తలచుకొనుడు.

నాటి బాలునకు నేడు నేనిచ్చు సమాధానమిదియే: నాయనా, సముద్రము ఓడలు లేనివానినే యాపును. కోటయనగా లోపలివారు ఒకరినొకరు నమ్ముట.