వేసిన పీట, గెలిచిన పీట

మన నిడదవోలులో వార్డు కౌన్సిలర్లను ఓటేసి ఎన్నుకుంటాం. ఆ కౌన్సిలర్లే బయటివారిని కొందరిని చేర్చుకుంటే దాన్ని కోఆప్షన్ అంటారు. ఆడవాళ్ళకి ఒకప్పుడు చూపించిన దారి అదే! పట్నాల మాట అలా ఉంచి, పల్లెల సంగతే చూడండి. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం పంచాయతీల్లో ఇద్దరేసి స్త్రీలను అలా చేర్చుకోమంది. పీట వేశారు, సంతోషమే. కాని వేసినవాళ్ళ మాట కాదనడం ఎలా?

1993 జూన్ 1న అమలుకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాల్లో ఎన్నికయ్యే స్థానాల్లో కనీసం మూడోవంతు స్త్రీలకు కేటాయించింది. అనుభవజ్ఞులను నియమించుకోవచ్చు గాని, వారికి ఓటు లేదంది. సలహాకి పిలుపు చాలు; తీర్మానానికి ప్రజల తీర్పు కావాలి.

కనుక మీ వార్డులో ఆడమనిషి గెలిస్తే, కుళాయి సంగతీ మురుగుకాలువ సంగతీ ఆమెనే అడగండి, భర్తగారిని కాదు. గెలిచిన పీట మీద ఆమెనే కూర్చోనివ్వండి. సెలవు.