పట్టా చేతికొచ్చాక...

నర్సీపట్నంలో మా వీధి అమ్మాయి లా పూర్తిచేసింది. "ఆంటీ, లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఎల్.ఎల్.ఎం. చేస్తే అక్కడ లాయర్ని అయిపోతానా?" అని అడిగింది. ఆమె పెళ్ళికని అట్టేపెట్టిన జీడితోటని చదువుకోసం కుదువ పెడతానంటున్నాడు వాళ్ళ నాన్న. కట్నానికి పోవాల్సింది చదువుకి పోతోందని సంతోషించాను. కానీ జవాబు చెప్పబోతే నాకు కొర్నీలియా సొరాబ్జీ గుర్తొచ్చింది.

1866లో నాసిక్‌లో పుట్టిన కొర్నీలియా 1889లో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళింది. 1892లో అక్కడి ఉన్నత న్యాయశాస్త్ర పరీక్ష బి.సి.ఎల్. రాసి నెగ్గింది. ఆ పరీక్ష రాసిన తొలి స్త్రీ ఆమే. పరీక్ష రాయనిచ్చారు గానీ పట్టా ఇవ్వలేదు. స్త్రీలకు డిగ్రీలివ్వడానికి ఆక్స్‌ఫర్డ్ 1920 దాకా ఒప్పుకోలేదు మరి. స్వదేశానికొచ్చి 1897లో బొంబాయి ఎల్.ఎల్.బి., 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్ష కూడా నెగ్గింది. అయినా సన్నదు రాలేదు. 1904 నుంచి బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో పరదా స్త్రీలకు న్యాయ సలహాలిచ్చే ఉద్యోగం చేసింది. చదువు అక్కరకొచ్చింది, కానీ కోర్టులో నిలబడి వాదించే హక్కు రాలేదు. బ్రిటిష్ పాలనను సమర్థించిన ఆమె రాజకీయాలతో మనకు పేచీ ఉంది. అయినా ఆ ఎదురుచూపు మనందరిదీ.

తలుపు తెరిపించింది డిగ్రీ కాదు. 1916లో కలకత్తాలో రెజీనా గుహ, 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రా కోర్టుకెక్కి ఓడిపోయారు. అదే 1921లో అలహాబాదు హైకోర్టు కొర్నీలియాని చేర్చుకుంది. 1923 చట్టం వచ్చాకే దేశమంతటా స్త్రీలకున్న అడ్డు తొలగింది. అప్పటికి ఆమె వయసు అరవైకి దగ్గరపడింది.

మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ విదేశీ పట్టా లేకుండానే 1942లో మద్రాసులో లా పూర్తిచేసి ప్రాక్టీసు పెట్టింది. 1946లో రాజ్యాంగ సభకు వెళ్ళింది. కుటుంబ న్యాయస్థానాలు కావాలని 1950లలోనే అడిగింది. ఆ చట్టం 1984లో వచ్చింది.

ఇప్పుడు ఆడవాళ్ళని ఆపే నిబంధన లేదు. అయినా చదువూ, వృత్తి హక్కూ ఇప్పటికీ వేర్వేరు తలుపులే. మన దేశంలో అడ్వొకేటుగా నమోదు కావడానికి 1961 చట్టం చూసేది ఎల్.ఎల్.బి.ని. ఇంగ్లండులో సొలిసిటర్ కావడానికి 2021 నుంచి కొత్త పరీక్షలొచ్చాయి, వాటికి ఎల్.ఎల్.ఎం. తప్పనిసరి కాదు. న్యూయార్క్ బార్ పరీక్షకు మన లా డిగ్రీ సరిపోయే సందర్భాలున్నాయి. కాలవ్యవధిలోనో పాఠ్యాంశాల్లోనో లోటుంటే దాన్ని పూడ్చడానికి ఎల్.ఎల్.ఎం. పనికొస్తుంది. పరీక్ష నెగ్గినా వీసా వేరే సంగతి. అమెరికాలో చదువయ్యాక పని చేసుకోవడానికిచ్చే గడువు మామూలుగా ఒక ఏడాదే. ఆ లోగా కంపెనీ ఏదో ఒకటి పూచీ పడకపోతే తిరుగు ప్రయాణమే.

చదవొద్దని నేననను. అంతర్జాతీయ న్యాయం, మానవ హక్కుల వంటి రంగాల్లో లోతుగా చదవడానికీ, నలుగురితో పరిచయాలకీ ఆ ఏడాది విలువైనదే. అయితే ఏ ఊళ్ళో, ఏ కోర్టులో, ఏ పని చెయ్యాలనుకుంటోందో ముందు తేల్చుకుని, అక్కడి నిబంధనలు తనే చదువుకోమన్నాను. లా చదివిన పిల్ల, ఏజెంటు మాట నమ్మాల్సిన అవసరమేమిటి?

వాళ్ళ నాన్నతోనూ ఒక మాట చెప్పాను: తోట ముందు అమ్మాయి పేర రాయండి. కుదువ పెట్టాలో వద్దో ఆమే నిర్ణయించుకుంటుంది.