పిల్లలమఱ్ఱి నర్తకీమూర్తులు

నకిరేకల్లునకుఁ దూర్పున, సూర్యాపేట చేరువఁ బిల్లలమఱ్ఱి కలదు. ఇచట రేచెర్ల నామిరెడ్డి క్రీ.శ. 1202లో నామేశ్వరాలయమును, బేతిరెడ్డి భార్య యెఱకసాని 1208లో నెఱకేశ్వరాలయమును గట్టించిరి. స్తంభములపై నర్తకీమూర్తులు, వాద్యకారులు గలరు. కాకతీయశిల్పులు జాయపసేనాని నృత్తరత్నావళిని జూచి యిట్టి భంగిమలు చెక్కిరను మాట వినఁబడుచుండును. ఆ గ్రంథము 1253-54 నాఁటిది. ఈ గుళ్లంతకు నలువదియేండ్లకుఁ బైగాఁ బూర్వమువి. పుట్టని గ్రంథమును శిల్పి యెట్లు చూచెను? లక్ష్యము ముందు, లక్షణము వెనుక. పాణిని భాషను సృజింపలేదు గదా!

జాయప సముద్రతీరపు దివిసీమ నేలిన యయ్యవంశమువాఁడు, గణపతిదేవుని గజసాహిణి. తన యెనిమిది యధ్యాయములలో నాలుగింటిని దేశినృత్తమునకే వినియోగించెను. పేరణి, చిందు, కోలలతో నాడు దండరాసకము, శివోత్సవములందు భక్తులు గుంపుగా నాడు శివప్రియము నందుఁ గలవు. వీనిలోఁ జిందు పేరు తెలంగాణమునఁ జిందు యక్షగానమాడువారియందు నేఁటికిని నిలిచియున్నది.