రాయల గ్రంథాలయం నుంచి మేయరు కుర్చీకి

గండి ఆంజనేయస్వామి నీడన బతికే ఊరు మనది. వేంపల్లెలో ఏ వీధిలో నిలబడి "హనుమంతూ!" అని కేకేసినా ఇద్దరు ముగ్గురు పలుకుతారు. అందుకేనేమో, గ్రంథాలయ సంచికకు వ్యాసం అడగ్గానే నాకు తట్టింది ఇంకో హనుమంతుడు. 1951లో హైదరాబాదు మేయరైన మాడపాటి హనుమంతరావు.

మేయరనే మాట మన జిల్లాకు కొత్త. 1868లోనే మునిసిపాలిటీ అయిన కడప, కార్పొరేషన్ కావడానికి 2004 దాకా ఆగింది.

మాడపాటివారు 1885లో ఎర్రుపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే సూర్యాపేటలో మేనమామల దగ్గర పెరిగారు. ఉర్దూ, పారసీ క్షుణ్ణంగా నేర్చి, నిజాం కొలువులో కొన్నాళ్లు పనిచేసి, తర్వాత వకీలయ్యారు. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని నిలబెట్టినవాళ్లలో ఆయనొకరు. పేరు మాత్రం మన రాయలవారిదే!

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన కార్వే పండితుడు. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడినవాళ్లను జనం బుద్ధిగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే ఈలలు, గోల. తెలుగువాళ్లకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే కొందరు ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అందులో మాడపాటివారూ ఉన్నారు. తర్వాత అదే ఆంధ్రమహాసభ అయింది.

1928లో నంద్యాల సభలో మన సీమకు రాయలసీమ అని పేరు పెడుతున్న ఏడాదే, ఆయన హైదరాబాదులో ఆడపిల్లలకు తెలుగు బడి తెరిచారు. చదువంతా తెలుగులోనే కాబట్టి ఉస్మానియావాళ్లు గుర్తింపు ఇయ్యలేదు. అప్పుడు ఆ బడికి ఆసరా దొరికింది ఎక్కడనుకున్నారు? పూనాలో, కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయంలో. తెలుగును గేలి చేసిన సభకు పెద్దగా కూర్చున్నాయనే తెలుగు బడికి పెద్దదిక్కయ్యాడన్నమాట. నాకైతే ఆయన మేయరు పదవికన్నా ఈ ముచ్చటే ఎక్కువ ఇష్టం.

నిజాం ఏలుబడి ముగిసిన మూడేళ్లకు ఆయన మేయరయ్యారు. అప్పటికి అరవై ఆరేళ్లు. 1954 దాకా వరుసగా ఆయననే ఎన్నుకున్నారు. సికింద్రాబాదు కార్పొరేషన్ అప్పట్లో వేరు, 1960లో గానీ రెండూ కలవలేదు. 1955లో పద్మభూషణ్, 1958 నుంచి శాసనమండలి అధ్యక్షత. 1970లో కన్నుమూశారు.

1953 అక్టోబరు 1న కర్నూలు గుడారాల్లో ఆంధ్ర రాష్ట్రం మొదలైననాటికి హైదరాబాదులో మేయరు ఆయనే. మూడేళ్లకు మన కచేరీలన్నీ ఆ ఊరికే తరలిపోయాయి. అప్పటినుంచి చాలా ఏళ్లు మనవాళ్లు కాగితాల సంచి చంకన పెట్టుకుని హైదరాబాదు పోతూ వచ్చారు. కోఠీ దగ్గర సుల్తాన్‌బజారులో రాయల పేరుతో గ్రంథాలయం ఉందని తెలిసి లోపలికి తొంగిచూసినవాళ్లు మాత్రం తక్కువ. ఈసారి పోయినప్పుడు చూసి రండి.