రద్దీ సరస్సులో గాలం

మన సంఘం ప్రత్యేక సంచిక వెలువడినప్పుడల్లా నేను కరువు భత్యం బకాయిల గురించో, ఫ్యామిలీ పెన్షన్ నిబంధనల గురించో వ్రాస్తూ వచ్చాను. ఈసారి కార్యదర్శిగారు "చరిత్ర మీద ఏదైనా వ్రాయండి, రాజుల చరిత్ర మాత్రం వద్దు" అన్నారు. అందుచేత గాలం చరిత్ర వ్రాస్తున్నాను. నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేసిన నాకు నీళ్లను వదలడం ఎలాగూ చేతకాదు.

2023లో మా అమ్మాయి దగ్గర ఉండటానికి అమెరికాలోని జార్జియా రాష్ట్రం వెళ్లాను. వాళ్లుండేది అట్లాంటా నగరానికి ఉత్తరాన. దగ్గరలోనే లేనియర్ సరస్సు. సరస్సు అంటారు గాని మన నాగార్జునసాగర్ లాగే ఆనకట్ట కడితే నిలిచిన నీళ్లు. చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ పని 1950లో మొదలై 1957 నాటికి ముగిసింది. విస్తీర్ణం సుమారు 38 వేల ఎకరాలు. ఏటా దాదాపు కోటిమంది వస్తారట. శనివారం పది గంటలకు చూస్తే పుష్కరాల రేవు గుర్తొస్తుంది. కాకపోతే అక్కడ మునిగేది మనుషులు, ఇక్కడ తేలేది మోటారు పడవలు.

మా మనవడికి పదమూడేళ్లు. వాడికి బాస్ అనే చేపను పట్టే పిచ్చి. బాస్ స్వభావం మన కొర్రమీను స్వభావమే. చేపపిల్ల గాని, కప్ప గాని, కదిలేదేదైనా మాటువేసి మింగుతుంది. వసంతకాలంలో మగచేప అడుగున గూడు చేసి, గుడ్లకూ పిల్లలకూ కాపలా కాస్తుంది. పెద్దనోటి బాస్, మచ్చల బాస్ అని రకాలున్నాయి. లేనియర్‌లో మచ్చలదానిదే పైచేయి. పదహారేళ్లలోపు వారికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు. నాకు కావాలి. టిక్కెట్టు లేకుండా ఏనాడూ బస్సెక్కినవాణ్ణి కాను కనుక డబ్బు కట్టి తీసుకున్నాను.

మా అల్లుడు కొనిపెట్టిన సరంజామా ఘనమైనది. బొటనవేలంత లావు కర్ర, ఇరవై పౌన్ల బరువు ఆపే దారం, జానెడు పొడవున గలగలలాడే ఎర. రెండు శనివారాలు విసిరాం. మూడోసారి దుకాణంలో నా ఈడు పెద్దమనిషి ఒకాయన ఆ దారం చూసి, దీనితో పడవ కట్టుకోవచ్చునని నవ్వాడు. ఆపైన ఓపికగా అరగంట చెప్పాడు. ఆయన చెప్పినదీ, తర్వాత నేను లైబ్రరీలో చదివినదీ కలిపితే తేలిందేమంటే, జనం పెరిగేకొద్దీ గాలం సన్నబడింది.

మొదట్లో సమస్య దూరం విసరడమే. కెంటకీ రాష్ట్రంలో పారిస్ అనే ఊళ్లో జార్జి స్నైడర్ అనే గడియారాల పనివాడు పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో పళ్లచక్రాలు పెట్టి రీలు చేశాడు. పిడి ఒకసారి తిప్పితే దారం చుట్టుకునే ఉండ అనేకసార్లు తిరుగుతుంది. గడియారం పని తెలిసినవాడికే తట్టే ఊహ అది. 1938లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ను ప్రకటించాక పట్టుదారాల రోజులు క్రమంగా పోయాయి. 1949లో ఓహైయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ అనే ఆయన ప్లాస్టిక్ వానపామును తయారుచేశాడు. ఇక 1967లో రే స్కాట్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్ మీద పెద్ద పోటీ పెట్టాడు. ఆ తర్వాత బాస్ వేట దేశమంతా పాకింది, సరస్సులు నిండాయి. 1972లో ఆయనే తన పోటీల్లో చేపను ప్రాణంతో వదిలే పద్ధతి తెచ్చాడు.

అంతకు ముందు పట్టడమంటే తినడమే. 1932 జూన్ 2న ఇదే జార్జియాలో జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు 22 పౌన్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. అంటే పది కిలోలు. తూకం వేయించి ఇంటికి పట్టుకెళితే కూరైపోయింది. ఆ రికార్డు నేటికీ చెరగలేదు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టినది ఔన్సు కూడా ఎక్కువ తూగలేదు కనుక సమానమన్నారు.

వదిలేస్తే చేపలు మిగులుతాయి, నిజమే. కాని మిగిలేవి గడుసువి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని రిడ్జ్ లేక్‌లో శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలించి, గాలానికి సులభంగా చిక్కే గుణం, చిక్కని గుణం రెండూ సంతానానికి సంక్రమిస్తాయని 2009లో ప్రకటించారు. మా పెద్దమనిషి సలహా దీనికి సరిగ్గా సరిపోయింది: ఏడడుగుల పల్చటి కర్ర, స్పిన్నింగ్ రీలు, ఆరు నుంచి ఎనిమిది పౌన్ల ఫ్లోరోకార్బన్ దారం (నీళ్లలో సులభంగా కనబడదు), వేలెడు ప్లాస్టిక్ పురుగు. బరువును దారం చివర కట్టి, గాలాన్ని దానికి జానెడు పైన ఉంచాలి. దాన్ని డ్రాప్ షాట్ అంటారు. లాగకూడదు, ఒణికించాలి. అన్నిటికన్నా ముఖ్యం, పడవలు లేవకముందే వెళ్లాలి.

జూన్‌లో ఒక తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్లాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆరు దాటాక మావాడి కర్ర వంగింది. సన్నదారం కదా, రీలు బిగించకుండా లాగినంత లాగనిచ్చి మెల్లగా తెచ్చాడు. రెండు పౌన్లకు తక్కువ ఉండదు. చెయ్యి తడుపుకొని, దవడ పట్టుకొని, గాలం తీసి నీళ్లలో వదిలేశాడు. కూర వండుకునే చేప నీళ్లలోకి పోతుంటే నాకు ప్రాణం చివుక్కుమంది. మా ఊళ్లో అయితే వెర్రివాడంటారని అన్నాను.

ఆ ఊపులో మా గుంటూరు జిల్లా చెరువు కథ చెప్పాను. కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటిపైన బుడగలు తేలుస్తుంటాయి. సరిగ్గా ఆ గుంపు మధ్యకు కప్పపిల్లను గుచ్చిన గాలం విసిరితే, కాపలా ఉన్న తల్లో తండ్రో కోపంతో వచ్చి పట్టేస్తుంది. ఆ కిటుకు మా నాన్న నేర్పాడు. పదేళ్లప్పుడు అలా పట్టిన మొదటి కొర్రమీనును ఊరంతా చూపించుకుంటూ ఇంటికి తెచ్చాను.

వాడు శ్రద్ధగా విన్నాడు. వాడి తెలుగు పొడిపొడిగా ఉంటుంది.

"మరి ఆ రెడ్ పిల్లలు ఏమయ్యాయి, తాతయ్యా?"

అరవై ఏళ్లకు పైగా ఆ కథ చెబుతున్నాను. ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. ఏ చేపలో తినేసి ఉంటాయని అన్నాను. వాడు ఏమీ అనకుండా కొత్త పురుగును గాలానికి గుచ్చి, కర్ర నా చేతికిచ్చాడు. అప్పటికి అవతలి ఒడ్డున మొదటి మోటారు పడవ చప్పుడు వినిపిస్తోంది. ఇంకో అరగంట విసిరాను గాని ఏదీ పడలేదు.