పటము, పుల్ల, దీపము

బాణభట్టుని హర్షచరిత్రము చదువుచుండగా నొక చిన్న ఘట్టము నన్ను చాలసేపు పుట త్రిప్పనీయలేదు. తండ్రి జ్వరపీడితుడని విని పరుగున రాజధాని చేరిన హర్షుడు అంగడివీధిలో, పిల్లలు మూగియున్న యొక యమపట్టికుని చూచును. వాని యెడమచేత నిలువుకఱ్ఱలపై సాచిన పటము, అందు దున్నపోతు నెక్కిన యముడు, కుడిచేత రెల్లుపుల్ల. ఆ పుల్లతో చూపుచు వాడు పరలోకవృత్తాంతము చెప్పుచుండెను. నేటి ప్రసంగశాలలలో మనము వెదకి కొని తెచ్చుకొను తెర, స్టాండు, పాయింటరు, మూడును ఏడవ శతాబ్దినాటికే యొక వీధికథకుని రెండుచేతులలో నిమిడియున్నవి! ముద్రారాక్షస నాటకములో చాణక్యుని చారుడు నిపుణకుడు ఈ యమపటము చేబూనియే యిల్లిల్లు తిరిగి రహస్యములు సేకరించును.

నడుమ శతాబ్దులలో పాల్కురికి సోమనాథుడు తోలుబొమ్మలాటను పేర్కొనుట తప్ప నా కంటబడినది స్వల్పము. కాని యీ యమపటమునకు చుట్టము హైదరాబాదు చెంతనున్న మా జవహర్‌నగర్‌కు కొద్దిగంటల ప్రయాణములోనే, చేర్యాలలో నున్నది. అచ్చటి నకాషీ చిత్రకారులు ఖద్దరుబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలుగా పట్టించి, ఆరిన పిమ్మట ఉడుతవెంట్రుకల కుంచెతో రేఖలు దీర్చి, నేపథ్యమంతయు నెఱ్ఱగా నింపుదురు. మూడడుగుల వెడల్పు, నలువది మొదలు అఱువది అడుగుల పొడవు గల యా చుట్టను కథకుడు పందిరిలో వ్రేలాడదీసి, గడికొక ఘట్టముగా విప్పుచు, కఱ్ఱతో చూపుచు పాడును. పాట ముగియనిదే తరువాతి గడి కనబడదు. బొమ్మ మాటకై వేచియుండవలసినదే. ఈ క్రమశిక్షణ నాకెంతయు ప్రియము.

ఉపకరణమును ఎన్నుకొనుటయు ఈ కథకులు సభనుబట్టియే చేసిరి. పద్మశాలీల యెదుట కూనపులివారు విప్పునది మార్కండేయపురాణపు పటము; మాదిగల యెదుట డక్కలివారు విప్పునది జాంబపురాణము. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందెచ్చులవారు పటమునే విడిచి, పెట్టెలోనుండి కొయ్యబొమ్మల నొక్కొక్కటిగా తీసి నిలుపుదురు. ఎవరికి ఏ కథ, ఏ కథకు ఏ సాధనము అను నీ వివేకము ఒక్క నమూనాతో వేయి సభలు నడుపు మన కాలమున చాలవఱకు నశించినది. అది నాకు నిజమైన నష్టముగా తోచును. జీర్ణించిన పటమును వారు చెత్తలో వేయక, పూజచేసి నీట విడిచెడివారు.

పాశ్చాత్యదేశములలో బొమ్మకు దీపము వచ్చి చేరినది. 1659లో డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్ తన మాయాదీపమునకై (మ్యాజిక్ లాంతరుకై) గీచికొన్న చిత్రములలో నొక యస్థిపంజరము తన తల తానే తీసికొనుచుండును. అక్కడను యముడే మొదటి బొమ్మ! ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు గాథను దాటివేసెదను. 1987లో మెకింటోషు కంప్యూటరు కొఱకు వెలువడిన పవర్‌పాయింటు సైతము మొదట ఆ ప్రొజెక్టరుపై నుంచు పారదర్శకపత్రములను సిద్ధపఱచుటకే పుట్టినది.

2008 నుండి బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణము మా జవహర్‌నగర్‌లోనే యుండుటచే, లాప్‌టాప్ సంచితో ప్రెజెంటేషన్ మాట లాడుకొను యువకులు ఇచ్చట నిత్యము కానవత్తురు. నాకు మాత్రము ఈ ప్రాంతపు టొక చిన్న పాఠశాలలో చూచిన దృశ్యము మఱపునకు రాదు. ఆనాడు ప్రొజెక్టరు తీగ లాప్‌టాప్‌నకు అతుకలేదు. పెద్దలందఱు పిన్నులు పీకి పెట్టుచుండగా, ఏడవ తరగతి బాలిక యొకతె తన చార్టును గోడకు టేపుతో అంటించి, చెఱువులోనికి మురుగు వచ్చు త్రోవను కొయ్యస్కేలుతో చూపుచు చెప్పనారంభించెను. మొదట చార్టు క్రిందిసగము మడిచియే యుంచినది. కాలువ కథ యగువఱకు చెఱువును చూపలేదు. వెనుకబెంచీల పిల్లలు లేచి ముందునకు వచ్చి నేలపై కూర్చుండిరి. ఇంతలో ప్రొజెక్టరు వెలిగినది. ఆమె యొకసారి వెలుగువంక చూచి, స్కేలు క్రింద పెట్టకయే, చార్టు మడత విప్పినది.