ఫోన్ తన వెడల్పు ఎంతని చెప్పింది?

సాయంత్రం ఏడు దాటింది. విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక ప్రచురణ సంస్థ మేడ మీద గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నారు మీరు. కింద అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుతున్నారు. ప్యాకింగ్ టేపు చర్రున లాగుతున్న చప్పుడు మెట్ల మీదుగా పైకి వినిపిస్తోంది. రేపు పొద్దున పుస్తక ప్రదర్శన మొదలు. స్టాల్ ముందు కట్టే ఫ్లెక్సీ మీద క్యూఆర్ కోడ్ అచ్చయిపోయింది. దాన్ని స్కాన్ చేసినవాళ్లు నేరుగా కొత్త పుస్తకం పేజీకి రావాలి. ఆ సైట్ బాగోగులు చూసేది మీరే.

సంస్థ యజమాని ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వస్తారు. "బాబూ, ఒకసారి ఇది చూడు. రేట్ ఎంతో నాకే కనపడట్లా. కొనేవాడికేం కనపడుద్ది?"

చూస్తారు. కంప్యూటర్లో కనిపించే మూడు నిలువు వరసల పేజీ ఉన్నదున్నట్టు ఆ అరచేతి తెరలోకి కుదించుకుపోయింది. అక్షరం చీమ తలకాయంత ఉంది.

"కంప్యూటర్లో సరిగానే వస్తోంది గురువుగారూ" అంటూ బ్రౌజర్ కిటికీ అంచు పట్టుకుని లోపలికి లాగుతారు. మూడు వరసలు రెండవుతాయి, ఇంకాస్త లాగితే ఒకటవుతుంది. మీరు రాసిన మీడియా క్వెరీ చక్కగా పనిచేస్తోంది. ఫోన్‌లో మాత్రం చలనం లేదు.

ఇక్కడే చెయ్యి దురద పెడుతుంది. సీఎస్‌ఎస్ ఫైల్ తెరిచి 768ని 800 చేద్దామా, ఇంకో క్వెరీ కలుపుదామా అనిపిస్తుంది. ఆగండి. మీడియా క్వెరీ అంటే ఒక షరతు, అంతే. "వెడల్పు 768 పిక్సెల్స్ మించకపోతే ఈ నియమాలు వర్తించు" అని మీరు రాశారు. ఆ షరతుకు ఎదురుగా ఉన్నది ఫోనా, కంప్యూటరా అన్నది తెలియదు. బ్రౌజర్ చెప్పిన అంకె ఒక్కటే తెలుసు. కాబట్టి నియమాల జోలికి వెళ్లకముందు ఈ ఫోన్ ఏ అంకె చెబుతోందో కనుక్కోవాలి.

ఫోన్ అడిగి తీసుకుంటారు. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ బయటపడతాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలుపుతారు. అనుమతి ఇవ్వాలా అని ఫోన్ అడుగుతుంది, ఇస్తారు. లాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే గురువుగారి ఫోన్‌లోని పేజీ అక్కడ ప్రత్యక్షం. కన్సోల్‌లో 'విండో డాట్ ఇన్నర్‌విడ్త్' అని కొట్టి ఎంటర్ నొక్కుతారు.

జవాబు: 980.

ఆ ఫోన్ తెర అడ్డంగా 1080 చుక్కలు. దానిలో ఒక సీఎస్‌ఎస్ పిక్సెల్‌కు అడ్డంగా మూడు చుక్కలు. లెక్కప్రకారం వెడల్పు 360 రావాలి. మరి ఈ 980 ఎక్కడిది?

2007 నాటిది. మొదటి ఐఫోన్ వచ్చేసరికి వెబ్‌లో ఉన్న పేజీలు దాదాపు అన్నీ కంప్యూటర్ తెర కోసం చేసినవే. వాటిని చిన్న తెరలో ఉన్నదున్నట్టు పోస్తే చిందరవందర అవుతాయి. అందుకని సఫారీ తన వెడల్పు 980 అని బొంకి, ఆ వెడల్పుకే పేజీని పరిచి, తర్వాత మొత్తాన్ని తెరకు సరిపడా కుదించి చూపింది. ఆండ్రాయిడ్ బ్రౌజర్లూ అదే బాట పట్టాయి. ఫోన్‌కు తగ్గట్టు మారగలిగిన పేజీలు ఆ సంగతి చెప్పుకోవడానికి యాపిల్ ఒక ట్యాగ్ ఇచ్చింది. అదే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్. ఆ ట్యాగ్ లేని పేజీకి ఫోన్లు నేటికీ ఆ పాత అబద్ధమే చెబుతాయి. 980 అంటే 768 కంటే ఎక్కువ. షరతు కుదరలేదు, నియమాలు వర్తించలేదు. మీ మీడియా క్వెరీ మాట తప్పలేదు.

కిటికీ కుదించి చూసినప్పుడు ఇది ఎందుకు బయటపడలేదంటే, కంప్యూటర్ బ్రౌజర్ ఆ ట్యాగ్‌ను అసలు పట్టించుకోదు. కిటికీ ఎంత ఉంటే అంతే చెబుతుంది. ఆ పరీక్షకు ఈ లోపం ఏనాటికీ దొరకదు. డెవ్‌టూల్స్ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ కలిపి నొక్కి, ఏదైనా ఫోన్‌ను ఎంచుకుని ఉంటే లాప్‌టాప్‌లోనూ 980 కనిపించేది.

పేజీ సోర్స్ తెరుస్తారు. హోమ్ పేజీ హెడ్‌లో ట్యాగ్ ఉంది. పుస్తకం పేజీ పాత టెంప్లేట్ నుంచి వచ్చింది, అందులో లేదు. వెడల్పు డివైస్-విడ్త్, తొలి స్కేల్ 1 అని ఒక్క వరస చేరుస్తారు. పనిలో పనిగా చాలామంది జూమ్‌ను కూడా ఆపేస్తుంటారు. మీరు ఆపరు. చత్వారం ఉన్న పాఠకుడికి వేళ్లతో పెద్దది చేసుకునే వీలుండాలి. అప్‌లోడ్ చేసి, మళ్లీ లోడ్ చేసి, మళ్లీ అడుగుతారు. 360.

"ఆఁ, ఇప్పుడు కనపడుతోంది" అంటారు గురువుగారు. వెంటనే, "మరి ఈ అట్ట బొమ్మేంటి, సగంలోనే ఆగిపోయింది?"

నిజమే. అక్షరాలు పెరిగాయి, వరసలు ఒకటయ్యాయి. ముఖచిత్రం మాత్రం సగం వెడల్పులోనే ఉంది. దాని కింద ధర పట్టీ కూడా కంప్యూటర్ పోకడలోనే ఉంది. రెండూ ఒకే జబ్బులా కనిపిస్తాయి. కావు.

ఎలిమెంట్స్ పానెల్‌లో ముఖచిత్రాన్ని ఎంచుకుని పక్కనున్న స్టైల్స్ జాబితా చూస్తారు. ఫోన్ కోసం రాసిన నియమం అక్కడ ఉంది, కానీ దాని మీద అడ్డగీత. అంటే ఫైల్ వచ్చింది, షరతు కుదిరింది, నియమం పోటీలో ఓడిపోయింది. ఎవరి చేతిలో ఓడిందో కూడా ఆ జాబితాలోనే పైన ఉంది: మామూలు తెరల కోసం రాసిన "వెడల్పు 50 శాతం" నియమం.

ఈథన్ మార్కాట్ 2010 మే నెలలో 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' వ్యాసం రాసి, సాగే గ్రిడ్లు, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు మూడింటినీ ఒకచోట చేర్చాడు. మీడియా క్వెరీలు 2012 జూన్‌లో డబ్ల్యూ3సీ ప్రమాణమయ్యాయి. అయితే వాటి లోపల రాసిన నియమాలు కూడా 1996లో వచ్చిన మొదటి సీఎస్‌ఎస్ నాటి న్యాయానికి లోబడాల్సిందే. బలం సమానమైతే వెనక వచ్చినదే నెగ్గుతుంది. మీడియా క్వెరీలో ఉన్నంత మాత్రాన నియమానికి అదనపు బలం రాదు. మీ ఫైల్‌లో ఫోన్ నియమం పైన ఉంది, మామూలు నియమం కింద ఉంది. ఫోన్ నియమాన్ని కిందికి దించుతారు.

ముఖచిత్రం కదలదు. అడ్డగీత అలాగే ఉంది. ఈసారి సెలెక్టర్ల వైపు చూస్తారు. మామూలు నియమంలో రెండు క్లాసులు, ఫోన్ నియమంలో ఒకటే. బలం సమానం కానప్పుడు వరసక్రమాన్ని ఎవరూ అడగరు. ఇంపార్టెంట్ అని తగిలిస్తే ఇప్పటికి గట్టెక్కుతుంది. కానీ రేపు దాన్ని మార్చాల్సి వస్తే ఇంకో ఇంపార్టెంట్ కావాలి. మీరు ఫోన్ నియమానికీ అవే రెండు క్లాసులు ఇస్తారు. ముఖచిత్రం తెర నిండా పరుచుకుంటుంది.

ఇక ధర పట్టీ. దాన్ని ఎంచుకుని స్టైల్స్ చూస్తే ఫోన్ నియమం కనీసం అడ్డగీతతో కూడా లేదు. జాబితాలోనే లేదు. అసలు పోటీకే రాలేదంటే కారణం ఇంకా ముందే ఉంది. కొత్త ఫైల్ ఫోన్‌కు చేరి ఉండకపోవచ్చు, లేదా షరతు కుదిరి ఉండకపోవచ్చు. క్యాష్‌లోని పాత ఫైలే చూస్తున్నామేమో తేల్చడానికి ఆ క్వెరీ లోపల బాడీకి ఎర్ర అవుట్‌లైన్ పెడతారు. లింకులో ఫైల్ పేరు చివర వెర్షన్ అంకె మార్చి అప్‌లోడ్ చేస్తారు. పేజీకి ఎరుపు రాదు. సోర్సెస్‌లో ఫైల్ తెరిస్తే ఎర్ర అవుట్‌లైన్ వరస అక్కడే ఉంది. ఫైల్ చేరింది. కుదరనిది షరతే.

షరతును అక్షరం అక్షరం చదువుతారు. స్క్రీన్, అండ్, ఆ వెంటనే బ్రాకెట్. 'అండ్'కూ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ లేదు. పదాన్ని అంటుకుని బ్రాకెట్ వస్తే సీఎస్‌ఎస్ దాన్ని ఫంక్షన్ అనుకుంటుంది. అలాంటి ఫంక్షన్ లేదు కనుక ఆ షరతు మొత్తాన్నీ "ఎప్పటికీ కుదరనిది"గా లెక్కవేస్తుంది. కన్సోల్‌లో ఎర్ర అక్షరాలు రావు, హెచ్చరిక రాదు. స్పేస్ బార్ ఒకసారి నొక్కుతారు. పేజీ చుట్టూ ఎర్రగీత వెలుగుతుంది, ధర పట్టీ దారికొస్తుంది. ఎర్రగీత తీసేస్తారు.

ఇలా నోరెత్తకుండా చెడేవి ఇంకొన్ని ఉన్నాయి. షరతు లోపల సీఎస్‌ఎస్ వేరియబుల్ వాడితే పనిచేయదు. షరతులో 'ఈఎమ్' కొలత వాడితే అది పేజీకి మీరు పెట్టిన అక్షరం సైజును బట్టి కాక, బ్రౌజర్ సెట్టింగ్‌లోని అసలు సైజును బట్టి లెక్కకొస్తుంది. మూసే మీసాల బ్రాకెట్ ఒకటి మరిస్తే, దాని కింద రాసినవన్నీ ఆ క్వెరీ కడుపులోకి పోతాయి. అప్పుడు ఫోన్‌లో అంతా బాగుండి కంప్యూటర్లో పేజీ చెడుతుంది.

గురువుగారు పేజీని వేలితో పైకి తోస్తారు. పేజీ పైకి వెళ్తూ కాస్త పక్కకి కూడా జారుతుంది. కుడివైపు తెల్లటి పట్టీ తేలుతుంది. ఏదో ఒకటి తెరను దాటి బయటికి పోయింది.

పేజీలోని ప్రతి ఎలిమెంట్‌కూ అవుట్‌లైన్ పెట్టి కిందికి వస్తుంటే దొంగ దొరుకుతాడు: "ఇతర పుస్తకాలు" భాగంలో ఒక కార్డు మీద 'బాలసాహిత్యగ్రంథమాల' అన్న పెద్ద అక్షరాల శీర్షిక. బ్రౌజర్ వరసను ఖాళీల దగ్గర విరుస్తుంది. ఈ సమాసంలో ఖాళీ లేదు. గ్రిడ్‌లో నిలువు వరసకు 1ఎఫ్ఆర్ అని ఇస్తే, లోపలి సరుకు కనీస వెడల్పు కంటే అది సన్నబడదు. మాట ఎంత పొడవో వరస అంత. ఆ వరస కనీస వెడల్పు సున్నా అని మిన్‌మాక్స్‌తో చెబుతారు. శీర్షికలో 'సాహిత్య' తర్వాత, 'గ్రంథమాల'కు ముందు, కావాలంటే ఇక్కడ విరవమనే డబ్ల్యూబీఆర్ ట్యాగ్ పెడతారు. యంత్రానికి వదిలేస్తే ఎక్కడ విరుస్తుందో చెప్పలేం. మీరు పెడితే సమాసం విరగాల్సిన చోటే విరుగుతుంది. రెండు వరసలైన శీర్షికలో 'గ్రం' కింది ఒత్తు తెగి కనిపిస్తుంది. పెట్టెకు ఎవరో 40 పిక్సెల్స్ ఎత్తు బిగించారు. ఆ ఎత్తు తీసేసి, లైన్-హైట్ 1.6 చేస్తారు. ఒత్తులూ గుణింతాలూ పైకీ కిందికీ చాచుకునే లిపికి ఇంగ్లిష్ కొలతలు చాలవు.

ఈలోగా గురువుగారి మనవరాలు ఐప్యాడ్ తెచ్చి బల్ల మీద పెడుతుంది. "అంకుల్, ఇందులో మెనూ రెండుసార్లు వస్తోంది."

పాత ఐప్యాడ్. నిలువుగా పట్టుకుంటే వెడల్పు సరిగ్గా 768. మీ ఫైల్‌లో ఫోన్ క్వెరీ "768 దాకా" అంటుంది, పెద్ద తెరల క్వెరీ "768 నుంచి" అంటుంది. ఆ ఒక్క అంకె దగ్గర రెండూ కుదురుతాయి, రెండు మెనూలూ తెరుచుకుంటాయి. "వెడల్పు 768 కంటే తక్కువ" అని నేరుగా గుర్తు పెట్టి రాసే కొత్త పద్ధతి ఉంది. ఫైర్‌ఫాక్స్ 2018లోనే దాన్ని అందుకుంది. క్రోమ్ 2022లో, సఫారీ 2023 మార్చిలో 16.4 వెర్షన్‌తో అందుకున్నాయి. ఈ ఐప్యాడ్‌కు ఆ వెర్షన్ ఇక రాదు. కాబట్టి బూట్‌స్ట్రాప్ వాడే చిట్కానే వాడతారు. ఫోన్ క్వెరీ గరిష్ఠం 767.98. ఒక మెనూ మాయమవుతుంది.

కింద లెక్కలు రాసే పెద్దాయన కూడా తన ఫోన్ పంపిస్తారు. డిస్‌ప్లే సైజు పెద్దది చేసి పెట్టుకున్నారు. ఆ సెట్టింగ్ పెంచితే తెర మారకపోయినా సీఎస్‌ఎస్ వెడల్పు తగ్గుతుంది. మీ బ్రేక్‌పాయింట్ల జాబితాలో అలాంటి అంకె ఏదీ లేదు. ఇతర పుస్తకాల కార్డులు మళ్లీ ఇరుకున పడ్డాయి.

ఇంకో క్వెరీ రాయడానికి వేళ్లు కీబోర్డు మీదికి వెళ్తాయి. రాయరు. ఆ భాగం కోసం పోగుపడిన క్వెరీలన్నీ తీసేసి, గ్రిడ్‌కే పని అప్పజెబుతారు: ఒక్కో కార్డుకు కనీసం 16 రెమ్ వెడల్పు, చోటున్నన్ని పక్కపక్కన, అంత చోటే లేకపోతే ఉన్నంతలో ఒకటి. పెద్దాయన ఫోన్‌లో ఒక వరస, ఐప్యాడ్‌లో రెండు, లాప్‌టాప్‌లో కిటికీ లాగినన్ని. మెనూ మారడానికి మాత్రం మీడియా క్వెరీ ఉంచుతారు. అక్కడ నిజంగానే రెండు వేరు రూపాలు కావాలి.

"రేపు ఇంకో కొత్త సైజు ఫోన్ వస్తే మళ్లీ నీకు ఫోన్ చెయ్యాలా బాబూ?" అంటారు గురువుగారు.

"పుస్తకాల వరసలకైతే అక్కర్లేదండీ. వాటికిప్పుడు ఏ ఫోనైనా ఒకటే. మెనూ చెడితే చెయ్యండి. ముందు ఆ ఫోన్ వెడల్పెంతో అడుగుతాను."